రాము గోరీకి పోయే దారి

భోజన్న రెండోసారి సౌదీకి పోయింది బతకడానికి కాదు, సదానందం కోసం. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తల్లి పోశమ్మ మాత్రం గడపలో నిలబడి, "నీ మొకం జూస్తే పనికి పోయేటోని తీరు లేదు బిడ్డా" అన్నది. ఆయన బస్సెక్కాడు.

అది తొంభై ఆరు. అంతకు ఐదేండ్ల ముందు ఏం జరిగిందో చెబితే గాని ఆయన ఎందుకు పోయాడో తెలియదు.

భోజన్నది మెట్‌పల్లి దగ్గర ఒక చిన్న ఊరు. సైకిళ్ళు బాగుచేసి బతికేవాడు. ఎనభై ఎనిమిదిలో సౌదీ పోయి, ఏడాది తిరక్కముందే తమ్ముడు రామును కూడా పిలిపించుకున్నాడు. ఇద్దరికీ ఒకే రోడ్డు కంపెనీలో పని. ఖమీస్ ముషైత్ పట్నానికి దక్షిణంగా, యెమెన్ హద్దుకు దగ్గర్లో, కొండల మీద క్యాంపు. సౌదీ అంటే ఇసుకే అనుకుని పోయినవాళ్ళకు అక్కడ అంతా వింతే. చలికాలం మబ్బు దిగొచ్చి రేకుల గది తలుపు దగ్గర నిలబడేది. కొండ పొడవునా పచ్చటి అరార్ చెట్లు, మెట్లు మెట్లుగా కట్టిన జొన్న చేలు, వాటి మీద పడే కోతుల మందలు. క్యాంపు ఫోర్‌మన్ సదానందం. కోరుట్లవాడు. మనవైపు మనిషి దొరికాడని అన్నదమ్ములిద్దరూ అన్నా అన్నా అంటూ ఆయన వెంట తిరిగేవాళ్ళు.

క్యాంపులో సర్వే పని చూసే ఇంగ్లీషు దొర ఒకడు లావు టైర్ల సైకిళ్ళు రెండు తెప్పించుకున్నాడు. ఒక్కోదానికి ఇరవై ఒక్క గేర్లు. ప్రతి శుక్రవారం వాటి మీద లోయలోకి దిగడం ఆయనకు సరదా. బాగుచేసేవాడు పక్కనుంటే మంచిదని భోజన్నను వెంట తీసుకుపోయేవాడు. గాడిదలు నడిచి నడిచి పడిన దారి అది. కొండ అంచు నుంచి పదహారు మలుపులు తిరిగి లోయ అడుక్కు చేరి, వాగు పట్టుకుని యెమెన్‌లోకి పోతుంది. హద్దు అంటే అక్కడ ఒక సున్నం కొట్టిన రాయి. మేకలు ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని దాని సున్నం కూడా సగం పోయింది. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు పెండ్లిళ్ళకూ సంతలకూ తాతల నాటి నుంచి తిరిగిన దారి. భోజన్నకు ఆ దారిలో ఏ రాయి కదులుతుందో ఏది కదలదో కూడా తెలిసిపోయింది.

కువైట్ యుద్ధం ముదిరేసరికి దొర సైకిళ్ళు వదిలేసి తన దేశం పోయాడు. కంపెనీ పని ఆపి కూలీలందరినీ ఖమీస్‌కు తరలించింది. మిషన్లకు కాపలాగా ముగ్గురే మిగిలారు: సదానందం, భోజన్న, రాము.

ఉత్తరాన బాంబులు పడడం మొదలైన మూడో రోజు రాముకు కడుపు నొప్పి లేచింది. ముందు బొడ్డు చుట్టూ, తరవాత కుడి పక్కకు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. ఒళ్ళు పెనంలా కాలింది. ఉన్నది ఒక్కటే పికప్. దాని తాళం సదానందం దగ్గర ఉంది.

"డాక్టర్ను తోల్కొస్త. పొద్దుగూకక ముందే వస్త. నువ్వు కాపలా ఇడిసి రాకు" అన్నాడు సదానందం.

బండి వెనక ఆయన సూట్‌కేసు ఉంది. భోజన్న దాన్ని చూశాడు. చూసి కూడా ఏమీ అనుకోలేదు. ఆ తరవాత ఐదేండ్లు తనను తాను తిట్టుకున్నది ఆ ఒక్క దానికే.

సదానందం రాలేదు. వైర్‌లెస్ ఉన్న గదికి తాళం వేసుకుపోయాడు. భోజన్న తాళం పగలగొట్టాడు గాని, ఆ పెట్టెను ఎట్లా మాట్లాడించాలో తెలియలేదు. తారు రోడ్డు మీద ఒక్క బండి కూడా పోలేదు. రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున్నే రామును దొర సైకిల్ మీద కూచోబెట్టి, దుప్పటి చింపి నడుముకూ సీటుకూ కట్టాడు. లోయ కింద, హద్దు అవతలి ఊళ్ళో ఒక విదేశీ డాక్టరమ్మ దవాఖాన ఉన్నదని దొర చెప్పగా విన్నాడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి తమ్ముడి వీపు మీద వేసి పదహారు మలుపులూ దింపాడు. సున్నం రాయి దాటేటప్పుడు అది దేశం దాటడమని ఆయనకు తోచలేదు.

డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. లోపల పేగు పగిలిందనీ, రెండు రోజుల ముందు తెస్తే బతికేవాడనీ చెప్పింది. మధ్యాహ్నం నమాజు వేళకు రాము పోయాడు. భోజన్న వాళ్ళలో శవాన్ని పూడ్చడమే ఆనవాయితీ. ఊరి పెద్ద హాజీ ముక్బిల్ తన జొన్న చేను గట్టున జాగా ఇచ్చాడు. మతం అడగలేదు. తానే పార పట్టి నాలుగు తట్టల మట్టి తీశాడు.

మర్నాడు తిరిగి కొండెక్కుతుంటే బార్డర్ పోలీసులు పట్టుకున్నారు. అప్పటికే ఖమీస్‌లో సదానందం కంపెనీకి చెప్పేశాడు: "అన్నదమ్ములిద్దరు దొర సైకిలెత్తుకోని యెమెన్ దిక్కు పారిపోయిండ్రు. నేను వాళ్ళను ఎతుక్కుంటనే ఖమీస్ దాక వచ్చిన." భోజన్న ఐదు నెలలు జైల్లో ఉన్నాడు. రాము చావు గురించి డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ జైల్లో బట్టలతో పాటు పోయింది. విమానం ఎక్కించి పంపేశారు.

ఊరికి వచ్చేసరికి అక్కడ ఇంకో కథ నడుస్తున్నది. సదానందం కోరుట్లకు ఉత్తరం రాశాడు: రాము అక్కడ ఒక యెమెన్ ఆడదానితో ఉంటున్నాడని, అన్న దాన్ని కప్పిపుచ్చడానికి తమ్ముడు చచ్చిపోయాడని చెబుతున్నాడని. ఊరు ఆ కథనే నమ్మింది. చావు కంటే అదే రుచిగా ఉంది మరి. పోశమ్మ కూడా సగం నమ్మింది. కొడుకు ఎక్కడో బతికున్నాడనుకోవడమే తల్లికి ఇష్టం. రాము పెండ్లాం సృజనకు అప్పుడు ఇరవై ఏండ్లు. బొట్టు తీయమనేవాళ్ళు లేరు, ఉంచుకుంటే చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు. కాని మొగుడు బతికున్నదాన్ని ఎవడు చేసుకుంటాడు? చచ్చిపోయినట్టు కాగితం తెమ్మన్నారు పెద్దమనుషులు. కాగితం ఎక్కడిది?

ఐదేండ్లు భోజన్న ఆ మంటను కడుపులో పెట్టుకుని పంక్చర్లు వేశాడు. సదానందం సెలవు మీద కోరుట్లకు వచ్చి, ఖమీస్‌లో విదేశీ ఇంజనీర్లు ఉండే కాంపౌండుకు సూపర్‌వైజర్నయ్యానని చెప్పుకుంటున్నాడని విన్న రోజు, పాత పేరుతో మళ్ళీ రానియ్యరు గనుక పీరయ్య అనే పేరుతో పాస్‌పోర్టు తీయించాడు.

*

ఖమీస్‌లో బాబ్జాన్ సైకిల్ షాపులో పని దొరికింది. బాబ్జాన్ రాయచోటివాడు, యాభై దాటిన మనిషి. ఎక్కువ అడిగేవాడు కాదు. కాంపౌండు ఇంజనీర్ల లావు టైర్ల సైకిళ్ళు బాగుకు వచ్చేది ఆ షాపుకేనని తెలిసే భోజన్న అక్కడ చేరాడు. రెండో వారంలోనే పికప్ వచ్చి ఆగింది. సదానందం దిగాడు. పొట్ట పెరిగింది. కళ్ళకు నల్లద్దాలు. దొరల మెప్పు కోసం ఆయన కూడా సైకిల్ తొక్కడం నేర్చుకున్నాడు. తన సైకిల్ కూడా తెచ్చాడు.

భోజన్నను చూసి ముందు ఒక అడుగు వెనక్కి వేశాడు. తరవాత చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"భోజన్నా... నువ్వేనా?"

"ఈడ నా పేరు పీరయ్య."

ఆ మాటతో సదానందం మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. నవ్వాడు. "అట్లనా పీరయ్యా? మంచి పేరే. నీ అసలు పేరు నా నోట్ల ఉన్నది. నోరు తెరుస్తె మల్ల యాడుంటవో ఎరికే గదా?"

"ఎరికే."

"అయితే బుద్దిగ పని జేస్కో. ఐపోయిందేందో ఐపోయింది. తమ్ముడు నాకు మాత్రం తమ్ముడు కాదా?"

భోజన్న తల వంచుకుని చక్రం తిప్పాడు. ఆ రోజు నుంచి సదానందం వారానికి రెండు సార్లు వచ్చేవాడు. కొత్త ఆట దొరికినట్టు, నలుగురిలో "పీరయ్యా! ఓ పీరయ్యా!" అని పిలిచి నవ్వేవాడు. బూట్లకు అంటిన బురద కూడా భోజన్నతోనే తుడిపించాడు. భోజన్న తుడిచాడు. ఎర వేసినవాడు గాలం కదిలించడు.

రంజాను ముందు ఒకరోజు సదానందం తానే దారికొచ్చాడు. "పెద్దింజనీరుకు ఆ లోయల సైకిల్ తొక్కాల్నని బుద్ది పుట్టింది. ఆ దారి నాకు ఎరికేనని చెప్పిన. ఒకసారి ముందుగాల పోయి చూసి రమ్మన్నడు. నువ్వు నా ఎంబడి రావాలె."

"వస్త" అన్నాడు భోజన్న. "నీ బండి నేనే తయారుజేస్త."

తయారు చేశాడు. చైనుకు నూనె పట్టించాడు. టైర్లలో గాలి చూశాడు. తరవాత ఆకురాయి తీసుకుని, వెనక బ్రేకు వైరు పోగులను తొడుగు లోపల కనబడని చోట ఒక్కొక్కటే రాపాడి, నాలుగు మిగిల్చాడు. ముందు బ్రేకు రబ్బర్లను పట్టీపట్టనట్టు బిగించాడు. నెమ్మదిగా పోతే ఆగుతుంది. తొమ్మిదో మలుపు దగ్గర, పక్కన రెండు తాటిచెట్ల లోతున్న చోట, ఆగదు. ఇంటికి ఉత్తరం రాసినంత తీరుబడిగా ఆ పని చేశాడు.

*

గురువారం పొద్దున పికప్ కొండ అంచున ఆపి, సైకిళ్ళు రెండూ దించారు. మబ్బు అప్పుడే విడుతున్నది. కింద లోయ పచ్చగా, చల్లగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది. దిగేముందు సదానందం ఒక రాయి మీద కూచుని థర్మాస్‌లో చాయ్ పోసుకున్నాడు. ఒకటి భోజన్నకు కూడా ఇచ్చాడు. లోతు చూస్తే భయమేసిందో, పాత సంగతి కదిలిందో, మాటలు మొదలుపెట్టాడు.

"నీ మరదలు నాకు సుత ఉత్తరం రాసింది, ఎరికేనా?"

భోజన్న కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. "సృజననా?"

"ఆఁ. రెండేండ్లైతుంది. 'అన్నా, మా పెద్దమనుషులు నీ మాటైతే నమ్ముతరు. ఆయన సచ్చిపోయిండని ఒక్క ముక్క రాయి, నీ కాళ్ళు మొక్కుత' అని. ఎవడో చేస్కుంటనన్నడట."

"నువ్వేం రాసినవ్?"

"నేనేం రాస్త? రాస్తె నా మెడకు చుట్టుకోదా? పొయ్యిల ఏసిన." సదానందం చాయ్ ముగించి, కప్పు దులిపాడు. "పోదాం పా. ఎండెక్కుతది."

ఆయన సైకిల్ ఎక్కాడు. భోజన్న అక్కడే నిలబడిపోయాడు. ఐదేండ్లుగా తాను ఈ మనిషి చావు ఒక్కటే కోరుకున్నాడు. సృజన కోరుకున్నది ఒక్క ముక్క. ఆ పిల్ల తనకు కూడా చెప్పకుండా, శత్రువు కాళ్ళు మొక్కి అడిగింది. ఇప్పుడు వీడు తొమ్మిదో మలుపులో పడి చస్తే ఆ ముక్క కూడా వాడితోనే పోతుంది. చచ్చినవాడు సంతకం పెట్టడు.

సదానందం అప్పటికే మొదటి మలుపు తిరుగుతున్నాడు.

"ఆగు!" భోజన్న అరిచాడు. "ఆగు సదానందం!"

"ఏమైంది?"

"ఆ బండి దిగు. నాది తీస్కో. నీది నేను తొక్కుత."

"ఎందుకు?"

"దారి చెడ్డగున్నది. నా బండి మంచిగ ఆగుతది."

సదానందం నవ్వుతూ బండి మార్చుకున్నాడు. బూట్లు తుడిచే మనిషి ఇంకో మర్యాద చేశాడనుకున్నాడు. భోజన్న తాను కోసిన బ్రేకు మీద తాను కూచున్నాడు. తోసుకుంటూ దిగితే వాడికి అనుమానం వస్తుంది. వెనక్కి తిరిగితే వాణ్ణి రాము గోరి దాకా తీసుకుపోయే అదను మళ్ళీ దొరకదు.

ఎనిమిది మలుపులు చెప్పు నేలకు రాస్తూ, గట్టు అంచున చక్రం ఒరిపిస్తూ దిగాడు. తొమ్మిదో మలుపు ముందు గులకరాళ్ళ మీద వెనక చక్రం జారింది. తెలియకుండానే వేళ్ళు బ్రేకు బిగించాయి. టప్పున వైరు తెగింది. బండి బాణంలా లేచింది. లోతు కళ్ళ ముందుకు వచ్చింది. భోజన్న హ్యాండిల్ వదిలేసి కొండవైపుకు ఒళ్ళు విసిరాడు. అరార్ చెట్టు మొదలు భుజానికి తగిలింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. సైకిల్ అంచు మీద రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని, చక్రం గాలిలో తిరుగుతూ ఉండిపోయింది.

సదానందం పరుగెత్తుకొచ్చాడు. "అయ్యయ్యో! బతికినవా?" అంటూ సైకిల్ లాగాడు. లాగుతూ, వేలాడుతున్న వైరు చూశాడు. నాలుగు పోగులు తెగి వంకర తిరిగాయి. మిగిలినవన్నీ ఒకే చోట, తళతళా మెరుస్తూ, నున్నగా రాచి ఉన్నాయి. ఆయన ఆ పోగులను వేలితో తడిమి చూశాడు.

"ఇది... నా బండి గదా?"

"ఔ. నీదే" అన్నాడు భోజన్న, చేతి నెత్తురు లుంగీ గుడ్డతో కట్టుకుంటూ. "ఇగ నడువు. కిందికి."

ముందు సదానందం నడిచాడు, వెనక భోజన్న రెండు సైకిళ్ళూ తోసుకుంటూ దిగాడు. సున్నం రాయి వచ్చింది. సదానందం దానికేసి కూడా చూడలేదు. వాగు దాటి, చేల మధ్య నుంచి ఊరు చేరారు. దవాఖాన తలుపులకు మేకులు కొట్టి ఉన్నాయి. రెండేండ్ల కింద యెమెన్‌లో వాళ్ళలో వాళ్ళకు యుద్ధమొచ్చి డాక్టరమ్మ వెళ్ళిపోయింది. హాజీ ముక్బిల్ మాత్రం ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. భోజన్నను చూసి గుండె మీద చెయ్యి వేసుకుని, చేను గట్టుకు తీసుకుపోయాడు.

గోరి చుట్టూ ఎవరో రాళ్ళు పేర్చారు. దున్నేటప్పుడు నాగలి తగలకుండా ముక్బిలే పేర్పించాడట.

భోజన్న గోరి పక్కన కూచున్నాడు. "సదానందం, ఇటు రా. ఈడ కూసో. సచ్చేదాక నా తమ్ముడు ఏమడిగిండో ఎరికేనా? 'అన్నా, సదానందమన్న బండి చప్పుడు ఇనవడ్డదా?' అనడిగిండు. గుక్క తిప్పుకోలేనప్పుడు సుత చెవి తలుపు దిక్కే వెట్టిండు. నువ్వు వస్తవనుకుంటనే సచ్చిండు."

సదానందం కూచున్నాడు. "భయమైంది భోజన్నా. గ్యాసు బాంబులేస్తరన్నరు. నాకు పిల్లలున్నరు. తెల్లారి రావాల్ననే అనుకున్న. మల్ల... వస్తె నువ్వేమంటవో అని..."

"నన్నెందుకు దొంగను జేసినవ్? వాన్నెందుకు తిరుగుబోతును జేసినవ్?"

భోజన్న జేబులోంచి షాపు బిల్లు పుస్తకం తీసి, వెనక తెల్లగా ఉన్న కాగితాలు రెండు చింపి, పెన్ను ఇచ్చాడు. సదానందం రాశాడు. రాము జబ్బున పడ్డాడని, తాను బండి తీసుకుని పారిపోయానని, రాము ఎక్కడికీ పోలేదని, ఏ ఆడదీ లేదని, యెమెన్‌లో గోరి కళ్ళారా చూశానని. తేదీ వేసి, తండ్రి పేరు, కోరుట్ల ఇంటి నంబరుతో సహా రెండు కాపీలు. ముక్బిల్ సాక్షిగా కింద అరబ్బీలో రెండు వరుసలు రాసి బొటనవేలు ముద్ర వేశాడు.

"ఇగ పోదాం" అన్నాడు సదానందం.

భోజన్న కాగితాలు మడిచి బనీను లోపల పెట్టుకున్నాడు. బాగున్న సైకిల్ భుజానికి ఎత్తుకున్నాడు. "నీ బండి ఆడున్నది. బ్రేకు లేదు. ఎక్కేటోనికి బ్రేకెందుకు?"

"భోజన్నా! ఇది యెమెన్! బార్డర్ పోలీసులు పట్టుకుంటరు! నా ఇకామా కార్డు సుత పికప్‌ల ఉన్నది!"

"నన్నూ పట్టుకున్నరు" అన్నాడు భోజన్న.

వెనక నుంచి పిలుపులు వాగు దాటే దాకా వినబడ్డాయి. ఆయన వెనక్కి చూడలేదు. సదానందానికి ఆ దారి తెలియదు, ఒంట్లో అంత శక్తి లేదు, గుండెలో ధైర్యం అసలే లేదు. ఆ సంగతి తలచుకున్నకొద్దీ భోజన్న కాళ్ళకు బలం వచ్చింది. పదహారు మలుపులూ ఎక్కి, పికప్‌ను ముట్టకుండా, తారు రోడ్డు మీద ఒక ట్రక్కు ఆపుకుని పొద్దుగూకేసరికి ఖమీస్‌లో పడ్డాడు.

బాబ్జాన్‌కు అంతా చెప్పాడు. ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. "మనిషిని కొండల్లో వదిలేసి వచ్చినావా? తప్పు చేసినావప్పా. వాడు చేసిందే నువ్వూ చేసినావు."

"వాడు రోగిని ఇడిసిండు. నేను దొంగను ఇడిసిన."

"సరే. ఆ కాగితం ఇట్లా ఇయ్యి. మా అల్లుడు ఎల్లుండి ఇంటికి పోతాండాడు. రాయచోటి నుంచి మీ ఊరికి రిజిస్టరు పోస్టులో వేస్తాడు. నువ్వు ఈడ ఉండొద్దు, రియాద్‌కు ఎల్లిపో."

మూడో రోజు సదానందం హద్దు దగ్గర దొరికాడు. ఎంత చెప్పినా పోలీసులు నమ్మలేదు. ఏడు నెలలు జైల్లో పెట్టి పంపేశారు. భోజన్న రియాద్‌లో, సులై అనే పేటలో ఒక గోదాములో తలదాచుకుని, తొంభై ఏడులో కాగితాలు లేనివాళ్ళకు క్షమాభిక్ష ఇచ్చినప్పుడు బయటపడ్డాడు.

*

కాగితం ముందే చేరినా పెద్దమనుషులు భోజన్న కోసం ఆగారు; ఆయన ఊరికి వచ్చిన వారానికే పంచాయతీ పెట్టారు. ముందే వచ్చి చేరిన సదానందం, ఆ కాగితం బలవంతంగా రాయించుకున్నదని పెద్దమనుషులకు చెప్పుకున్నాడు. "బ్రేకు కోసి చంపబోయిండు. పానం కాపాడుకోవాల్నని రాసిన" అన్నాడు నలుగురి ముందు.

"నిజమేనా?" అని అడిగారు భోజన్నను.

"నిజమే" అన్నాడు. సభ గుసగుసలాడింది. ఇంకొక్క మాట అంటే భోజన్న లేచి సదానందం మెడ పట్టుకునేవాడే.

ఆడవాళ్ళ వెనక నుంచి సృజన ముందుకు వచ్చింది. సదానందం ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"బలవంతంగనే రాయిపిచ్చుకున్నడేమో అన్నా. నేను కాదంటలేను. అండ్ల రాసింది అబద్దమా?"

సదానందం పెద్దమనుషుల వైపు తిరిగాడు.

"నా మొకం జూసి చెప్పు. అబద్దమైతే ఇప్పుడే చింపేస్త. ఆయన బతికున్నడని చెప్పు, యాడున్నడో చెప్పు, నేను పోయి తెచ్చుకుంట."

సదానందం తల వాలిపోయింది. వేపచెట్టు కింద కూచున్న పెద్దలు ఇంకేమీ అడగలేదు. పోశమ్మ అక్కడే, నేల మీద బోర్లా పడి, ఆరేండ్లు ఆపుకున్న ఏడుపు ఏడ్చింది. పదకొండో నాడు రాముకు దినం చేశారు. తరవాతి ఎండాకాలం సృజన మనువు జరిగింది. భోజన్నే దగ్గరుండి సాగనంపాడు.

మరి పగ తీరిందా అంటే, తీరలేదు. దినం నాడు పోశమ్మ "ఇగ చాలు బిడ్డా" అన్నది. ఆయన తల ఊపి, మర్నాడే కోరుట్ల పోయి, సదానందం ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉన్న మడిగె కిరాయికి తీసుకుని సైకిల్ షాపు పెట్టాడు. తిట్టలేదు, కొట్టలేదు, పలకరించలేదు. రోజూ ఏడింటికి షట్టర్ ఎత్తి, స్టూలు బయట వేసుకుని, ఆ తలుపుకేసి చూస్తూ పంక్చర్లు వేసేవాడు. మొదట్లో సదానందం తల వంచుకుని పోయేవాడు. తరవాత వెనక దర్వాజా నుంచి తిరగడం మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చిన చుట్టాలు ఎదుటి షాపువాడెవడని అడిగితే, ఆ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పేవాళ్ళు కాదు.

మూడో ఏడు సదానందం ఇల్లు అమ్మేసి నిజామాబాద్ వెళ్ళిపోయాడు. సామాను లారీ గల్లీ మలుపు తిరిగేదాకా భోజన్న స్టూలు మీదే కూచుని చూశాడు. ఆ వారమే షాపు తీసేసి, తన ఊరికి వచ్చాడు.